రాణీబాగ్‌లో నల్లగుర్రం

జూన్ 9, 2019, ఆదివారం

వాన జాడ లేదు. పొద్దున ఏడింటికే చెమట.

కొత్త బొమ్మల పుస్తకం తీశాను. బడి తెరిచేలోపు నా కోసం ఏదైనా వెయ్యాలి. పిల్లలకి నల్లబల్ల మీద వేసే మామిడిపండు, కొండల మధ్య సూర్యుడు కాకుండా. రాణీబాగ్‌లో నల్లగుర్రం విగ్రహం ముందు కూర్చున్నాను. రోజూ దాని పక్క నుంచే నడక. పెన్సిల్ పెట్టేదాకా అది తెలిసిన గుర్రమే.

వెనక కాళ్ళు ఎటు మడుస్తుంది? మోకాలు అనుకున్నది మోకాలేనా?

మనిషిని వెయ్యను. గుర్రం చాలు. పైనున్న దొరతో నాకేం పని.

జనమంతా పెంగ్విన్ల వైపు. ఒక్క పిల్లాడు ఆగి, గుర్రానికి సెల్యూట్ కొట్టి, మళ్ళీ పరుగందుకున్నాడు.

జూన్ 13, గురువారం

నిన్న బుధవారం, తోట మూత. సాయంత్రం మేం ఉండే చాల్‌లో మీటింగ్. బిల్డర్ మనుషులు బిస్లరీ సీసాలు, సమోసాలు తెచ్చారు. మూడేళ్ళలో కొత్త ఇల్లట. అప్పటిదాకా అద్దె వాళ్ళే ఇస్తారట. కొత్త గదికి సొంత బాత్రూమట.

అత్తమ్మ మెట్ల మీద కూర్చుని అంతా వింది. సమోసా తీసుకుంది. సంతకం మాట ఎత్తగానే లేచి లోపలికి పోయింది.

మా ఆయన రాత్రంతా దొర్లుతూనే ఉన్నారు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

జూన్ 16, ఆదివారం

రేపు బడి.

రాణీబాగ్ మ్యూజియంలో పుస్తకాల బల్ల దగ్గర కాసేపు చదువుకున్నాను. కొనలేదు, ధర చూసి పెట్టేశాను. మన నల్లగుర్రం చేసినవాడు జోసెఫ్ ఎడ్గర్ బోమ్. వియన్నాలో పుట్టి లండన్‌లో రాణిగారి శిల్పి అయ్యాడు. జంతువుల్లో చెయ్యి తిరిగినవాడు. 1879లో ఫోర్టులో నిలబెట్టారు. డబ్బిచ్చింది ఆల్బర్ట్ ససూన్.

పైనున్న ఎడ్వర్డ్ అప్పటికింకా రాజు కాదు. యువరాజు. 1875 నవంబరు 8న బొంబాయిలో దిగాడు. మర్నాడే అతని పుట్టినరోజు, ముప్పై నాలుగు నిండాయి. మా చిన్నోడి కన్నా కొంచెం పెద్ద.

బయటికొస్తూ గేటు దగ్గర గడియారపు గోపురం చూశాను. అది డేవిడ్ ససూన్ పేరిట. ఆల్బర్ట్ తండ్రి. కొడుకిచ్చిన గుర్రం ఊరంతా తిరిగి తండ్రి గడియారం ఉన్న తోటకే చేరింది. ఎవరైనా కావాలని చేశారా? చేసి ఉండరు.

జూన్ 22, శనివారం

అత్తమ్మకి బొమ్మ చూపించాను. కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"గిది కాలా ఘోడా గదా. మీ మామ గుంజిండు దీన్ని."

ఎన్నడూ చెప్పలేదు ఈ మాట. 1965లో ఫోర్టు నుంచి తీసేశారు కదా, అప్పుడా? అప్పుడేనట. కామాటిపుర మూడో గల్లీ నుంచి ముకద్దమ్ లారీలో తీసుకుపోయాడట. తాళ్ళు కట్టారట, గొలుసులు కట్టారట. మామయ్య తెల్లారగట్ల వచ్చి అరచేతులు చూపించాడట. బొబ్బలు.

"ఏమిచ్చారు అత్తమ్మా?"

"రోజు కూలి. ఇంకేమిస్తరు? సీతాఫలాలు తెచ్చిండు."

ఆయన పక్క గదిలోంచి, "నాకెప్పుడూ చెప్పలేదు నాన్న," అన్నారు.

"నువ్వు అడిగినవా?"

జూన్ 28, శుక్రవారం

వచ్చింది. ఒక్కసారిగా, గోడ విరిగినట్టు. బడి నుంచి తిన్నగా రాణీబాగ్‌కి పోయాను, గొడుగు పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని.

తడిస్తే నలుపు కాదు అది. వీపు మీద గోధుమ రంగు, మెడ కింద చిలుము పచ్చ, కడుపు కింద నీళ్ళు తగలని చోట మాత్రం మసి. కంచు ఇన్ని రంగులు దాచుకుంటుందా? తోలు కింది నరాలు కూడా పోత పోశాడు బోమ్. ఎండలో కనపడలేదు. నీళ్ళు ఆ నరాల వెంటే దిగుతున్నాయి.

కాగితం తడిసిపోయింది. వెయ్యలేదు. చూశాను.

జూలై 2, మంగళవారం

సెలవు ఇచ్చేశారు. శాంతాక్రుజ్‌లో ఒక్క రోజులో 375 మిల్లీమీటర్లట. బళ్ళు లేవు, రైళ్ళు లేవు. మలాడ్‌లో గోడ కూలి గుడిసెల మీద పడింది. టీవీ కట్టేశాను. అత్తమ్మ మళ్ళీ పెట్టింది.

మా మెట్ల దగ్గర పెచ్చులు రాలాయి. ఆయన, పక్కింటి షిండే గారు కలిసి వెదురు బొంగు ఆనించారు. ఆ బొంగు ఏం ఆపుతుంది?

నీళ్ళొస్తాయేమోనని అత్తమ్మ ట్రంకు పెట్టె మంచం మీదికి ఎక్కించాం. మూత తీసి అన్నీ ఆరేసింది. మామయ్య ధోతీ. కరీంనగర్ నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు. మూటలో వెండి రూపాయలు. ఒకటి 1907ది. ఎడ్వర్డ్ బొమ్మ, నెత్తిన కిరీటం లేదు. అత్తమ్మ దాన్ని బోడిరాజు అంటుంది. ఒక తులం.

ఆ రాజే గుర్రం మీదున్నవాడని చెప్పాను. నమ్మలేదు. నిజమే, రూపాయి మీద ముసలివాడు. గడ్డం, బట్టతల. పన్ను కట్టేటప్పుడు ఈ ముఖమే చూశారు మనవాళ్ళు. గుర్రం మీది ముఖం ఎవరు చూశారు?

జూలై 7, ఆదివారం

మెడ దగ్గర ఆగిపోయాను.

గుర్రం మెడ ఒక్కటే నాలుగు కాగితాలు. వంపు సరిగ్గానే వస్తోంది, కానీ ఎందుకలా వంగిందో నా గీతకి తెలియడం లేదు. కాలెండర్ గుర్రంలా ఉంది. అందంగా, ఏ పనీ లేకుండా.

దొర ఊసు లేకుండా వెయ్యాలంటే ఎక్కడో తప్పుతోంది. జీను ఉంచాలా? కళ్ళెం ఉంచాలా? పగ్గాలు వేస్తే అవి గాల్లో ఎక్కడ ఆగాలి?

జూలై 11, గురువారం

స్టాఫ్ రూమ్‌లో బొమ్మ చూసి కొత్త టీచరమ్మ కదిలింది. ఆమెది పత్తికొండ. మన్రో దొర అక్కడే చచ్చిపోయాడంది. 1827, కలరా. వాళ్ళ వైపు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారట. దత్తమండలంలో కలెక్టరుగా ఏడేళ్ళు ఊరూరూ గుర్రం మీదే తిరిగాడట. గండి ఆంజనేయస్వామి దగ్గర బంగారు తోరణం కనపడిందట అతనికి. అది కనపడినవాళ్ళు ఎక్కువ కాలం బతకరు. అదంతా నిన్న జరిగినట్టు చెప్పింది.

మద్రాసులో అతని విగ్రహం చూశాను. మా ఆయన అక్క కూతురి పెళ్ళికి పోయినప్పుడు. మౌంట్ రోడ్డు మీద, ఐలండ్ దగ్గర. జీను లేదు, రికాబులు లేవు. ఉత్త వీపు మీద కూర్చున్నాడు. చాంట్రీ అనే శిల్పి చేసిన విగ్రహం. శిల్పి మరిచిపోయాడని ఆటోవాడు నవ్వాడు.

1839 నుంచీ అక్కడే ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చినా ఎవరూ కదపలేదు. ఎడ్వర్డ్‌ని మాత్రం తాళ్ళు కట్టి తెచ్చి ఏనుగుల మధ్య పెట్టారు. మన్రో పన్ను తక్కువ వేసినందుకా? ఊరికి గుర్తుండడానికి ఏం చెయ్యాలి ఒక మనిషి?

జూలై 17, బుధవారం

నిన్న డోంగ్రీలో బిల్డింగ్ కూలింది. ఇక్కణ్ణుంచి నడిచిపోయేంత దూరం. ఇరుకు సందు, బుల్డోజర్ దూరలేదు. జనమే వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ రాళ్ళు తీశారు. ఆ వరుస టీవీలో చూస్తూ అత్తమ్మ అన్నం తినలేదు.

రాత్రి ఆయన మెట్ల దగ్గర బొంగుని చేత్తో కదిపి చూశారు. కదిలింది.

జూలై 21, ఆదివారం

రోజూ వచ్చే పార్శీ పెద్దాయన నా వెనక నిలబడ్డాడు. ముందరి రెండు కాళ్ళూ ఎత్తితే యుద్ధంలో చచ్చినట్టు, ఒకటి ఎత్తితే గాయాలతో చచ్చినట్టు, నాలుగూ నేల మీదుంటే మంచంలో చచ్చినట్టు అని లెక్క చెప్పాడు. చాలా నమ్మకంగా. యూరప్‌లో అన్ని విగ్రహాలకీ ఇదే సూత్రమట.

ఎడ్వర్డ్ చచ్చింది 1910లో. మంచంలోనే. విగ్రహం నిలబెట్టింది 1879లో. పోత పోసేవాడికి ముప్పై ఏళ్ళ తర్వాతి చావు ముందే తెలుస్తుందా?

అనలేదు. ఆయన వేలు చూపిస్తూ చెప్పే తీరు బావుంది. నాన్న కూడా అలాగే చెప్పేవాడు, ఏదీ తెలియకుండానే అన్నీ.

ఆగస్టు 11, ఆదివారం

అత్తమ్మని టాక్సీలో ఫోర్టుకి తీసుకెళ్ళాను. రెండేళ్ళ కిందట పెట్టిన కొత్త గుర్రం చూపిద్దామని. అసలుది పోయిన దగ్గర్నుంచీ ఆ చోటు కార్లు నిలపడానికే పనికొచ్చింది, పిలుపు మాత్రం కాలా ఘోడా. ఇప్పుడు మళ్ళీ గుర్రం. శ్రీహరి భోస్లే చేశాడు. మీద ఎవరూ లేరు. దొరని వదిలేసి గుర్రాన్నే తెచ్చుకున్నారు. మంచి ఆలోచనే.

జహంగీర్ గ్యాలరీ అరుగు మీద కూర్చోబెట్టాను. నీళ్ళు తాగింది. గుర్రం వైపు చూసింది. చుట్టూ పిల్లలు ఫోన్లు పట్టుకుని నవ్వుతున్నారు.

"మనిషేడి?"

"పెట్టలేదు అత్తమ్మా. గుర్రం చాలని."

"గిది పని చెయ్యని గుర్రం బిడ్డా."

ససూన్ లైబ్రరీ గోడ మీద చెయ్యి వేసి రాయి తడిమింది. "గిది మనోళ్ళ పనే," అంది. ఎలా తెలుసు అంటే చెప్పలేదు. ఏ గోడ చూపినా అదే అంటుంది.

ఆగస్టు 15, గురువారం

జెండా, రాఖీ ఒకే రోజు. పిల్లలు చేతి నిండా మెరుపు దారాలతో వచ్చారు. తెలుగు విభాగం వరుస ఈసారి మరీ పొట్టిగా ఉంది. హెడ్మాస్టరు గారు ఫొటో దగ్గర నుంచి తీయమన్నారు.

నా పుస్తకం చేతులు మారింది. నాలుగో తరగతి పిల్లది అడిగింది: "టీచర్, గుర్రం పేరేంటి?"

తెలియదు. పైనున్నాయన పేరు చెప్పబోయాను. "ఆయనది కాదు టీచర్, గుర్రానిది."

పంచకల్యాణి అని ఒకడు. చేతక్ అని ఒకడు. షేరూ అని వెనక బెంచీ నుంచి. ఓటేశారు. షేరూ గెలిచింది.

ఆగస్టు 25, ఆదివారం

ఇవాళ దొర కాలు వేశాను.

ఒట్టి కాలే వేద్దామనుకున్నాను, కడుపు గీత ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి. పిక్క గుర్రం డొక్కకి ఆనుకునే చోటు వేసేసరికి డొక్క లోపలికి ఎందుకు పోయిందో తెలిసింది. తర్వాత చెయ్యి వేశాను. పగ్గం వేశాను. మెడ వంపు తనంతట తనే వచ్చి కూర్చుంది.

ఆ వంపు గుర్రానిది కాదు. పగ్గం పట్టిన చేతిది. చెవులు, నడుము, వెనక కాళ్ళ మీద బరువు, అన్నీ పైవాడి మాటకి జవాబులే. పైవాణ్ణి చెరిపేసినా జవాబు చెరగదు. అందుకే నా మొదటి బొమ్మలన్నీ అలా ఉన్నాయి. ఎవరో అడిగినట్టు, ఇది చెప్తున్నట్టు.

బోమ్ ఇది తెలిసే చేశాడు. జీతం రాకుమారుడి కోసం, పని గుర్రం మీద.

చాలాసేపు కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అత్తమ్మ నడుము కూడా అంతే, నెత్తి మీద ఏమీ లేకపోయినా మెడ నిలబెట్టే నడుస్తుంది. ఇటుకల తట్ట మోసి ఎన్నేళ్ళయింది?

సెప్టెంబరు 5, గురువారం

టీచర్స్ డే. పిల్లలు షేరూ బొమ్మ వేసిచ్చారు. ఐదు కాళ్ళు. ఐదోది తోకట.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ సంతకం పెట్టేసింది. నాలుగో రోజు వినాయకుడి ఎదురుగా, హాల్లో, అందరి ముందూ. సంతకం అంటే వేలిముద్ర కాదు. రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు. ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ.

"ఎందుకు ఒప్పుకున్నావ్?" అని ఆయన.

"డోంగ్రీల ఆ పిల్లగాడు కనబడుతుండు రాత్రిపూట."

ఏ పిల్లగాడో అడగలేదు మేం.

సెప్టెంబరు 15, ఆదివారం

నిమజ్జనాలైపోయాయి. ఊరు గొంతు పోయినట్టుంది.

మ్యూజియం ఆవరణలో తిరిగాను. పాత దొరలు, దొరసానులు, ఎక్కడెక్కడి నుంచో ఎత్తుకొచ్చి పెట్టినవాళ్ళు. పాలరాతి విక్టోరియా రాణి కూడా. మాథ్యూ నోబుల్ చేతి పని. బరోడా ఖండేరావు గైక్వాడ్ బహుమతి. ఒకప్పుడు ఫోర్టులో ఎంత ఠీవి. ఇప్పుడు తల్లీ కొడుకులు ఒకే చోట, ఒకరికొకరు కనపడకుండా.

ఘారాపురి రాతి ఏనుగు ఎండలో ఉంది. ఇంగ్లండు తీసుకెళ్దామని ఎత్తబోతే క్రేను ఓడిపోయింది, ఏనుగు ముక్కలైంది. ఆ ముక్కలే కలిపి ఇక్కడ నిలబెట్టారు. అతుకులు వేలికి తగులుతాయి. ఇంగ్లండు మాత్రం పోలేదు.

విక్టోరియా గార్డెన్స్ అని మొదలైన తోట. ఇప్పుడు జిజామాత పేరు. జనం రాణీబాగ్ అని ఊరుకున్నారు. ఏ రాణి అని అడగరు.

చిన్నోడు ఫోన్ చేశాడు. పూనాకి వచ్చెయ్యమంటాడు. వాళ్ళ రెండు గదుల్లో మేం ముగ్గురం. చూద్దాం అన్నాను. వాడు ఊపిరి వదిలాడు. వినపడింది.

సెప్టెంబరు 28, శనివారం

ఎంగిలిపూల బతుకమ్మ. తెల్లారేసరికి దాదర్ పూల బజారు. తంగేడు లేదు, గునుగు లేదు, ఎప్పుడూ ఉండవు. బంతి, చేమంతి, అస్టర్. తంగేడు బదులు ఏదో పసుపు కొమ్మ ఇచ్చాడు. అత్తమ్మ కనిపెడుతుంది.

సంచులతోనే శివాజీ పార్కు దాకా నడిచాను. ఇక్కడి మహారాజు చేతిలో కత్తి లేదు. చెయ్యి చాచి దారి చూపిస్తున్నాడు. గేట్‌వే దగ్గరున్నాయన చేతిలో కత్తి. ఇక్కడ క్రికెట్ ఆడే పిల్లలు, మెడలో తాజా దండ. ఎవరో పొద్దున్నే వచ్చి వేసిపోయారు. నిచ్చెన తెచ్చుకునుంటారు.

తల్లి పేరు తోటకి. కొడుకు ఇక్కడ గుర్రం మీద. అక్కడ తోటలో ఇంకో తల్లీకొడుకులు. బొంబాయి ఇలాంటివి ఎవరికీ చెప్పకుండా సర్దుకుంటుంది.

పగ్గం వైపే చూశాను ఈసారి. ముందుగా చెయ్యి, తర్వాత మెడ. ఇక ఏ గుర్రాన్ని చూసినా ఇంతేనేమో.

పూలు వాడిపోతున్నాయి. టాక్సీ ఎక్కాను.

అక్టోబరు 6, ఆదివారం

సద్దుల బతుకమ్మ. ఈ చాల్‌లో చివరిది.

ఎవరూ ఆ మాట అనలేదు. కామాటిపుర నుంచి, వర్లీ నుంచి కూడా వచ్చారు. షిండే గారి కోడలు కొత్తగా మా పాట అందుకుంది, పదాలు తప్పు, చప్పట్లు సరి. అత్తమ్మ మధ్యలో కూర్చుని తాళం తప్పినవాళ్ళని పేరు పెట్టి పిలిచింది.

మలీద ముద్దలు. నువ్వుల పొడి. పెద్ద డ్రమ్ములో నీళ్ళు నింపి అందులోనే సాగనంపాం.

అందరూ వెళ్ళాక చూస్తే డ్రమ్ము చుట్టూ పూలు, పిల్లల చెప్పులు, ఒక గాజు. గాజు ఎవరిదో ఇంకా అడగలేదు ఎవరూ.

అక్టోబరు 27, ఆదివారం

దీపావళి. దీపాలు పెట్టడానికి సగం గూళ్ళు ఖాళీ. పై అంతస్తు నాలుగు కుటుంబాలు వెళ్ళిపోయాయి. తాళాలు కూడా వేసుకోలేదు, వేసి ఏం లాభం.

భివండీ ఖాయమైంది. అత్తమ్మ చెల్లెలి కొడుకు ఇల్లు చూశాడు. మగ్గాల సందు పక్కనే. మనవాళ్ళే అంతా, పద్మశాలీలు, సగం సిరిసిల్ల అక్కడే ఉంది. నాకు బడికి బస్సూ రైలూ. రిటైర్మెంటు దాకా ఓపిక పట్టాలి.

సామాను కడుతుంటే అత్తమ్మ బోడిరాజు రూపాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. "అమ్ముతవో దాచుకుంటవో." ఆయన చొక్కా జేబులో వేసుకున్నారు. రాత్రి చొక్కా ఉతకడానికి వేశారు. నేను తీసి పెట్టాను.

నవంబరు 3, ఆదివారం

అత్తమ్మని రాణీబాగ్‌కి తీసుకెళ్ళాను. గోరఖ్‌చించ చెట్టు దగ్గర ఒకసారి, బెంచీ దగ్గర ఒకసారి ఆగింది. గుర్రం చుట్టూ నెమ్మదిగా తిరిగింది. వెనక నుంచి చూసింది, పక్క నుంచి చూసింది.

"మీ మామ గుంజింది గిది గాదు."

"మరి?"

"దానికి గుర్రం లేకుండె. నిలబడ్డ దొర." కాసేపాగి, "ఏమో బిడ్డా. గుర్రం ఉండెనేమో. చేతులైతే బొబ్బలు నిజం."

కళ్ళు చిట్లించి పైకి చూసింది. రూపాయి ముఖం వెతుకుతోందనుకున్నాను.

"గట్టిగ పట్టిండు," అంది. పగ్గం గురించో, మనిషి గురించో.

నేను ఒక్క కాగితం మీద మొదటి నుంచి చివరి దాకా వేశాను. దొర, చెయ్యి, పగ్గం, మెడ, డొక్క, కాళ్ళు. చెరపలేదు. దొర ముఖం బాగా రాలేదు. రాకపోయినా ఫర్వాలేదు.

వాకింగ్ పాసు నెలాఖరుదాకా ఉంది. షిండే గారి కోడలికి ఇద్దామంటే పేరు మార్చరట.

నవంబరు 10, ఆదివారం

భివండీ.

పొద్దున ఆరు నుంచి మగ్గాలు. చప్పుడు కాదు, నేల లోపలి నుంచి వచ్చే వణుకు. గ్లాసులో నీళ్ళు కూడా వణుకుతాయి. రెండు రోజులకి వినపడటం మానేస్తుందని అందరూ అంటున్నారు.

మూడో అంతస్తు. పైన ట్యాంకు. తిప్పితే నీళ్ళు, ఎప్పుడైనా. బాత్రూమ్ లోపలే. ఆయన రెండుసార్లు స్నానం చేశారు, ఊరికే.

రిక్షావాడు ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే అత్తమ్మ కామాటిపుర మూడో గల్లీ అంది. అక్కణ్ణుంచి మేం భాయ్‌ఖలాకి మారి ఎంత కాలమైందో. సరిదిద్దలేదు నేను.

నవంబరు 14, గురువారం

పిల్లలు షేరూకి ఏమైందని అడిగారు. అక్కడే ఉన్నాడు, మీరే వెళ్ళి చూడండి అన్నాను. బాలల దినోత్సవం కదా, టిక్కెట్టు ఉంటుందా అని అడిగారు. పెంగ్విన్ల మాట కూడా మధ్యలో వచ్చింది. వస్తుందని తెలుసు.

రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు. నిలబడే ఒక ఆవిడ చెయ్యి వేశాను, హ్యాండిల్ పట్టుకున్నది. వేళ్ళు బిగిసి తెల్లబడ్డాయి. ఠాణా దాకా అయింది.

నవంబరు 19, మంగళవారం

నాలుగింటికి ఏదో చప్పుడు. దొంగేమో అని లేచాను. అత్తమ్మ చీకట్లో కుళాయి కింద బిందె పెట్టి కూర్చుంది. పక్కన బకెట్లు వరుసగా.

"అత్తమ్మా, ఇక్కడ పగలంతా వస్తాయి."

"తెలుసు."

"మరి?"

"మెలకువొచ్చింది."

నింపింది. మూతలు పెట్టింది. వెళ్ళి పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటి కుళాయికి అలవాటు పడ్డ ఒళ్ళు ఎన్నాళ్ళకి మానుతుంది? చాల్‌లో ఆ నీళ్ళ కోసం ఎంత తిట్టుకున్నామో, ఎన్నిసార్లు షిండే గారి వాళ్ళతో మాటలు మానేశామో.

నా కళ్ళూ నాలుగింటికే తెరుచుకున్నాయన్న సంగతి ఇప్పుడు రాస్తుంటే తెలిసింది. చప్పుడు వల్ల కాదేమో.

నవంబరు 24, ఆదివారం

ఇవాళ ఇద్దరం లేచాం. నేను మూతలు కడిగాను, ఆమె నింపింది. మాట్లాడుకోలేదు.

ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి ఇన్ని బిందెలేంటన్నారు. "మీ ఇద్దరికీ వేరే పని లేదా?"

పది గంటలకి సొసైటీ గ్రూపులో మెసేజ్. మోటారు కాలిపోయింది, రిపేరు వాడు మంగళవారం గానీ రాడు, ట్యాంకులో ఉన్నదాన్ని చూసి వాడుకోండి. పదిన్నరకి ట్యాంకు కూడా అయిపోయింది.

కింది ఫ్లాటు ఆవిడ మొదట వచ్చింది, రెండు చెంబులు పట్టుకుని, మొహమాటంగా. తర్వాత ఎదురింటి వాళ్ళు. తర్వాత పైవాళ్ళ పిల్లాడు. ఇప్పటిదాకా ఎవరి పేరూ తెలియదు మాకు. అత్తమ్మ కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుని ఒక్కొక్కరినీ ఏ ఊరని అడిగి మరీ పోస్తోంది. సిరిసిల్ల ఒకరు. నల్లగొండ ఒకరు. సోలాపూర్ నుంచి వచ్చిన సిరిసిల్ల వాళ్ళు ఒకరు. ఆవిడకి అర చెంబు ఎక్కువ పోసింది.

ఆయనకి స్నానానికి మిగల్లేదు. "పూనా పోదామా ఇంక?" అన్నారు.

అత్తమ్మ ఆ మాట విననట్టు, "రేపటి నుంచి ఆ పెద్ద డ్రమ్ము గూడ దింపాలె," అంది. సామానులో అది ఎక్కడ కట్టామో వెతకాలి. బతుకమ్మ పూలు ఇంకా అడుగున అంటుకునే ఉంటాయి, కడగాలి.